నలుపు తెలుపు ఇంక్‌జెట్ ప్రింట్‌కి ఇంట్లోనే గ్లాసీ కోటింగ్: హైదరాబాద్ వాతావరణంలో చెడగొట్టుకోకుండా వేసే పద్ధతి

మొజంజాహీ మార్కెట్ గడియారం ఫొటో ఒకటి నా దగ్గరుంది. మా నాన్న తీసిన పాత నెగటివ్‌ని స్కాన్ చేసి, ఇంట్లోనే ఏ3 సైజులో ప్రింట్ వేశాను. ఎదురుగా పెట్టుకుని చూస్తే రాతిగోడలు, రాళ్ల మధ్య సన్నటి గీతలు, వెనక మబ్బు అన్నీ చక్కగా కుదిరాయి. చేతిలోకి తీసుకుని కాస్త వాల్చి ట్యూబ్‌లైట్ కింద చూశానో లేదో, ఉత్సాహం సగం చచ్చింది. ఆకాశం ఒక తీరుగా మెరుస్తోంది, గోడలు ఇంకో తీరుగా మెరుస్తున్నాయి. ముదురు నీడల మీద సరిగ్గా తోమని ఇత్తడి చెంబు మీద కనిపించే ఎర్రటి జీర లాంటిదేదో తేలుతోంది.

మీ ప్రింట్‌ని కూడా ఇలా వాల్చి చూడండి. ఈ రెండు లోపాలూ కనిపించకపోతే కోటింగ్ జోలికి వెళ్లకుండా ఫ్రేమ్ కట్టించేసుకోవచ్చు. కనిపిస్తే మాత్రం ఓపిగ్గా చదవండి.

మొదటి దాన్ని గ్లాస్ డిఫరెన్షియల్ (మెరుపులో తేడా) అంటారు, రెండో దాన్ని బ్రాంజింగ్ అంటారు. రెండింటికీ మూలం ఒకటే. పిగ్మెంట్ ఇంక్ కాగితంలోకి ఇంకదు, సన్నటి రేణువులుగా పైన కూర్చుంటుంది. నీడలున్న చోట రేణువులు దట్టంగా ఉంటాయి, మబ్బు ఉన్న చోట పలచగా ఉంటాయి, పూర్తి తెలుపులో అసలుండవు, అక్కడ కనిపించేది ఉత్త కాగితమే. మూడు రకాల ఉపరితలం, మూడు రకాల మెరుపు. రంగుల ఫొటోలో దాదాపు అంతటా ఏదో ఒక ఇంక్ పడుతుంది కాబట్టి ఈ తేడా కొంత దాగిపోతుంది. నలుపు తెలుపులో దాక్కోవడానికి చోటు లేదు. కోటింగ్ పని ఆ మూడింటి మీదా ఒకే పొర పరచడం. మెరుపు పెంచడం దాని అసలు పని కాదు. ఈ ఒక్క సంగతి మనసులో ఉంటే చెయ్యి దానంతటదే అదుపులో ఉంటుంది. మెరవాలని వేసినవాళ్లందరూ మందంగా వేసి చెడగొట్టుకున్నవాళ్లే, అందులో నేనూ ఉన్నాను.

ఈ మెరుపు పిచ్చి కొత్తదేమీ కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫొటోగ్రాఫర్‌గా ఉండి, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్ కాలంలో వాడుకలో ఉన్నవి ఆల్బుమెన్ ప్రింట్లు. కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, దాని మీద వెండి లవణం పూసేవారు. ఆ లేత మెరుపు గుడ్డుదే. మనం డబ్బాలోంచి కొడుతున్నాం, అంతే తేడా.

ముందు మీ ఇంక్ ఏదో తేల్చుకోండి

ఇది తేలకుండా డబ్బా కొనకండి. ఎప్సన్ ఎల్805 లాంటి ఇంక్‌ట్యాంక్ ప్రింటర్లలో, కేనన్ ప్రో-200లో ఉండేది డై ఇంక్. అది కాగితం పై పొరలోకి ఇంకిపోతుంది కాబట్టి గ్లాసీ కాగితం మీద మెరుపు తేడా పెద్దగా రాదు. దాని జబ్బు వేరే: గాలిలోని ఓజోన్‌కీ వెలుతురుకీ త్వరగా వెలిసిపోతుంది, నీటిచుక్క పడితే పాకుతుంది. డై ప్రింట్‌కి కోటింగ్ వేసేది రక్షణ కోసం. కేనన్ ప్రో-300, ఎప్సన్ పీ700 లాంటివి పిగ్మెంట్ ప్రింటర్లు. ఈ వ్యాసం ముఖ్యంగా వాటి ప్రింట్ల గురించే.

అనుమానంగా ఉంటే చిన్న పరీక్ష ఉంది. ఒకరోజు ఆరిన పనికిరాని ప్రింట్ మీద, బాగా నల్లగా ఉన్న మూల, తడి చేసిన ఇయర్‌బడ్‌తో రెండుసార్లు మెల్లగా రుద్దండి. దూదికి నలుపు అంటుకుని, కాగితం మీద మరక పాకితే నీళ్లతో పనిచేసే వార్నిష్ ఏదీ దానికి పనికిరాదు. సాల్వెంట్ స్ప్రే, అంటే నీళ్లకు బదులు చకచకా ఆవిరయ్యే రసాయనంతో చేసినది, ఒక్కటే దారి. నలుపు కదలకపోతే రెండు దారులూ తెరిచే ఉన్నట్టు.

ప్రింటర్‌లోనే ఉన్న పూత

కేనన్ ప్రో-300లో పదో ట్యాంక్‌గా క్రోమా ఆప్టిమైజర్ అనే రంగులేని ద్రవం ఉంటుంది. చాలామంది దాన్ని ఆటోలో వదిలేస్తారు. నలుపు తెలుపు ప్రింట్‌కి క్లియర్ కోటింగ్ సెట్టింగ్‌లో ఓవరాల్ అని ఎంచుకోండి. అప్పుడు ఉత్త కాగితం ఉన్న చోట కూడా పూత పడుతుంది, మెరుపు తేడా చాలావరకు అక్కడే తీరిపోతుంది. ఆ ద్రవం ఎక్కువ ఖర్చవుతుంది, అవనివ్వండి. పాత ఎప్సన్ ఆర్2000లోనూ ఇలాంటి గ్లాస్ ఆప్టిమైజర్ ఉండేది. పీ700లో విడిగా ద్రవం లేదు, ముదురు భాగాల మీద లేత బూడిద ఇంక్‌నే పై పూతగా వేసే పద్ధతి ఉంది. దాంతో నలుపు ఇంకా చిక్కనవుతుంది, కానీ తెల్లటి భాగాల మీద ఆ పూత ఉండదు. అందుకే వాలిస్తే తెలుపు ఇంకా వేరుగా కనిపించవచ్చు.

ఇవన్నీ చేసి చూశాక కూడా తేడా కళ్లకు గుచ్చుకుంటుంటేనే స్ప్రే.

కాగితం సంగతి

ఆర్‌సీ (ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం) గ్లాసీ, ఆర్‌సీ లస్టర్ (సన్నటి గరుకుతో ఓ మోస్తరుగా మెరిసేది), బరైటా, కాటన్ మ్యాట్ (మెరుపు లేని నూలు కాగితం). మనకు దొరికేవి ఈ నాలుగు జాతులే. స్ప్రేకి అన్నిటికంటే బాగా లొంగేది బరైటా. కాగితానికీ ఇంక్ పొరకీ మధ్య బేరియం సల్ఫేట్ పొర ఉంటుంది, పాత డార్క్‌రూమ్ ఫైబర్ ప్రింట్ పోలిక వస్తుంది. లస్టర్ మీద తప్పులు దాగుతాయి, మొదటిసారి చేసేవారికి అదే మేలు. బాగా నున్నటి ఆర్‌సీ గ్లాసీ మీద ప్రతి దుమ్ము రేణువూ కొండలా కనిపిస్తుంది.

మ్యాట్ కాగితం మీద గ్లాసీ స్ప్రే కొట్టి బరైటా చేసేద్దామని చాలామందికి ఆశ. మ్యాట్ మీద గరిష్ఠ నలుపు సాంద్రత సుమారు 1.6 నుంచి 1.7, మంచి గ్లాసీ మీద 2.2 పైమాటే. ఇది లాగరిథమ్ లెక్క. 1.6 అంటే పడిన వెలుతురులో రెండున్నర శాతం తిరిగొస్తుంది, 2.2 అంటే అర శాతానికి కాస్త ఎక్కువ. నాలుగింతల తేడా. ఆ దూరమంతా స్ప్రే దాటించదు. నలుపు కొంత చిక్కబడుతుంది, మెరుపు మాత్రం మచ్చలు మచ్చలుగా వస్తుంది, ఎందుకంటే మ్యాట్ పొర వార్నిష్‌ని ఒక్కో చోట ఒక్కోలా పీల్చేస్తుంది. గ్లాసీ కావాలంటే గ్లాసీ కాగితం మీదే ప్రింట్ వేయండి.

ఏ డబ్బా కొనాలి

ప్రీమియర్ ఆర్ట్ ప్రింట్ షీల్డ్, హానెముల్లే ప్రొటెక్టివ్ స్ప్రే, మోయాబ్ డెజర్ట్ వార్నిష్ లాంటివి ఇంక్‌జెట్ ప్రింట్ల కోసమే తయారైన సాల్వెంట్ స్ప్రేలు. పొర చాలా పలచగా పడుతుంది. రక్షణ బాగుంటుంది, బ్రాంజింగ్ తగ్గుతుంది, అద్దంలాంటి మెరుపు మాత్రం రాదు. నాకైతే అంతే చాలు. ఇంకా మెరవాలంటే ఆర్ట్ సామాను కొట్లలో దొరికే అక్రిలిక్ గ్లాస్ వార్నిష్ స్ప్రే తీసుకోండి. లేబుల్ మీద అక్రిలిక్ అనీ, పసుపెక్కదనీ స్పష్టంగా రాసి ఉండాలి.

హార్డ్‌వేర్ కొట్లో దొరికే చెక్క లాకర్ చవకే. ఒకసారి కొట్టాయనే నన్ను ఆపాడు. "కాగితానికా అన్నా? ఇది తలుపులకేస్తారు, రెండేళ్లకి పచ్చబడతది" అన్నాడు. నూటికి నూరుపాళ్లూ నిజం. నైట్రోసెల్యులోజ్ లాకర్ కాలం గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. చెక్క మీద అది అందం, మబ్బు మీద కాదు. ఇంకో మాట: కొట్లో గ్లాస్ వార్నిష్ అని అడిగితే కొందరు అద్దాలకు వేసే రంగు ఇస్తారు. గ్లాసీ అని నొక్కి చెప్పండి.

డబ్బాతో పాటు ఇవి కావాలి: ప్రింట్ కంటే అన్నివైపులా నాలుగు అంగుళాలు పెద్దదైన గట్టి అట్ట, మాస్కింగ్ టేప్, ఫ్రిజ్ లేదా వాషింగ్ మెషీన్ వచ్చిన అట్టపెట్టె, కెమెరా లెన్స్‌కి వాడే రబ్బరు బ్లోయర్, మెత్తటి వెడల్పు బ్రష్, తేమ చూపించే చిన్న డిజిటల్ మీటర్. మాస్క్ విషయంలో పిసినారితనం వద్దు. కరోనా రోజుల్లో కొన్న ఎన్95 తుంపరలను ఆపుతుందే తప్ప సాల్వెంట్ ఆవిరిని ఆపదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న సగం ముఖం మాస్క్ కావాలి. 3ఎం 6001 కార్ట్రిడ్జ్‌లు అలాంటివే. రాణిగంజ్‌లో సేఫ్టీ సామాను అమ్మేచోట అడగండి.

మన ఊరి గాలి

బయటి దేశాల వీడియోలు చూసి అచ్చం అలాగే చేసినా ఇక్కడ ఎందుకు కుదరదో నాకు రెండు సీజన్లు పట్టింది అర్థం కావడానికి.

జులైలో ఒకరోజు ముసురు ఆగిందని, గచ్చు ఆరిందని, ప్రింట్ తెచ్చి స్ప్రే కొట్టాను. రెండు నిమిషాల్లో గడియారం చుట్టూ పాలపొంగులాంటి తెల్లటి మసక కమ్మేసింది. నలుపంతా బూడిదైపోయింది. దీన్ని బ్లషింగ్ అంటారు. సాల్వెంట్ చకచకా ఆవిరవుతూ కాగితం ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే, ఐస్ వాటర్ గ్లాసుకి చెమట పట్టినట్టు, ఆ చల్లటి పొర మీద నీరు చేరి లోపలే చిక్కుకుపోతుంది. వాన ఆగడం వేరు, తేమ తగ్గడం వేరు. మీటర్ 60 శాతం కంటే తక్కువ చూపిస్తేనే డబ్బా ఊపండి. 65 దాటితే ఆ రోజుకి సెలవు.

మే నెల దీనికి పూర్తిగా ఉల్టా. మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలు, తేమ 30 శాతం కంటే కిందికి. తుంపర కాగితాన్ని చేరేలోపే దారిలో సగం ఆరిపోయి, పొడిలా పడుతుంది. వేలితో తడిమితే సన్నటి ఇసుక కాగితంలా తగులుతుంది. పైగా ఆ పొడి గాలికి ఆర్‌సీ కాగితం స్టాటిక్ పట్టి ఇంట్లో దుమ్మంతా లాక్కుంటుంది. ఎండాకాలం తప్పనిసరై చేయాలంటే పొద్దున ఏడింటికి ముందే ముగించండి.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మనకు మంచి కాలం. మంచు విడిచాక, పది నుంచి పన్నెండు మధ్య. నేను ఏడాదంతా ప్రింట్లు పోగుచేసి, ఆ నాలుగు నెలల్లోనే కోటింగ్‌లు వేస్తాను.

చోటు: మేడ మీద వద్దు. గాలి తుంపరని ఎత్తుకుపోతుంది. ఎండాకాలమైతే పక్కింటి పిన్నిగారు ఆరబెట్టిన వడియాల మీద వార్నిష్ పడితే ఆ గొడవ మీరే పడాలి. ఒకవైపు తెరిచి ఉన్న బాల్కనీ మంచిది. అట్టపెట్టెని అడ్డంగా పెట్టి, తెరిచిన వైపు మీ వైపుకు ఉంచండి. పెట్టె గాలినీ ఆపుతుంది, పొగమంచులా ఎగిరే తుంపరనీ పట్టుకుంటుంది. పని మొదలుపెట్టే అరగంట ముందు నేల మీద నీళ్లు చిలకరించి తుడవండి, లేచే దుమ్ము అణుగుతుంది. తేమ మీటర్ మళ్లీ చూసుకోండి. ఈ డబ్బాల్లో ఉండేది మండే గ్యాస్, మండే సాల్వెంట్. దగ్గర్లో పొయ్యి, గ్యాస్ గీజర్, దేవుడి దగ్గర దీపం, అగరుబత్తి ఏదీ వెలుగుతూ ఉండకూడదు. పిల్లల్ని, పిల్లుల్ని లోపలికి పంపేయండి.

ఇక పని

ప్రింట్ వేసేటప్పుడే చుట్టూ రెండున్నర, మూడు సెంటీమీటర్ల తెల్ల అంచు వదలండి. పట్టుకోవడానికి, టేప్ వేయడానికి అదే ఆధారం. అదే కాగితం మీద పక్కన నలుపు నుంచి తెలుపు దాకా 21 మెట్ల గ్రే స్కేల్ పట్టీ ఒకటి ప్రింట్ చేయండి. ఇది దండగనిపిస్తుంది. నిజానికి మొత్తం పనిలో అక్కరకొచ్చేది ఇదే.

వచ్చిన ప్రింట్‌ని వెంటనే ముట్టుకోకండి. ఇంక్‌లో గ్లైకాల్ లాంటివి ఉంటాయి, మెల్లగా బయటికొస్తాయి. ఒక గంట బల్ల మీద వదిలి, తర్వాత పైన మామూలు తెల్ల కాగితం కప్పి 24 గంటలు ఉంచండి. ఆర్‌సీ అయితే మధ్యలో ఒకసారి ఆ కాగితం మార్చండి, వర్షాకాలంలో రెండు రోజులు ఆగండి. ఆరని ఇంక్ మీద కోటింగ్ వేస్తే లోపలి ఆవిరి బయటికి రాలేక పొర మసకబారుతుంది.

తర్వాత పట్టీతో పరీక్ష. గ్రే స్కేల్ పట్టీ కత్తిరించి, నిలువుగా సగం భాగాన్ని కాగితంతో మూసి, మిగతా సగానికి కోటింగ్ వేయండి. ఆరాక కప్పు తీసి కిటికీ వెలుతురులో పక్కపక్కనే చూడండి. నలుపు ఎంత చిక్కనైందో, ఏ మెట్టు దగ్గర నీడలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయో కనబడుతుంది. ముందు విడివిడిగా కనిపించిన, నలుపు వైపు చివరి రెండు మెట్లు కోటింగ్ తర్వాత ఒకటే ముద్దయితే, అసలు ఫొటోలో నీడల్ని కొంచెం తేల్చి మళ్లీ ప్రింట్ వేయాలి. గడియారం ఫొటోకి నేను రెండుసార్లు అలా దిద్దాల్సి వచ్చింది, తోరణాల కింద ఉన్న చీకటిలో మనుషుల ఆకారాలు మాయమవుతుంటే.

అసలు ప్రింట్‌ని నాలుగు మూలలా మాస్కింగ్ టేప్‌తో అట్టకి అంటించండి. చేతులు సబ్బుతో కడుక్కుని తుడుచుకోండి. ఇది చాదస్తం కాదు. ఒకసారి అంతా సిద్ధం చేసి డబ్బా కోసం లోపలికెళ్లాను. తలకి నూనె రాసుకుంటున్న అమ్మ బయటికొచ్చింది. "ఇది మీ నాన్న తీసిందే కదరా?" అంటూ గడియారం మీద వేలు పెట్టి చూపించింది. నేను గమనించలేదు. స్ప్రే కొట్టగానే సరిగ్గా అక్కడ వార్నిష్ పక్కకి జరిగి గుండ్రటి గుంట పడింది, చేప కన్నులా. నూనె ఉన్నచోట పొర అతుక్కోదు. ఆ ప్రింట్ పారేయలేదు లెండి, అమ్మ గదిలో ఉంది.

బ్లోయర్‌తో దుమ్ము ఊది, బ్రష్‌తో ఒకే దిశలో తుడవండి. నోటితో ఊదకండి, ఉమ్మి తుంపర పడితే మచ్చ ఖాయం. అట్టని పెట్టెలో గోడకి చేర్చి కాస్త వాలుగా నిలబెట్టండి. బల్ల మీద పరిచి పై నుంచి కొడితే నాజిల్ నుంచి పెద్ద చుక్క నేరుగా ఫొటో మీదే రాలుతుంది.

డబ్బాలో గోళీ చప్పుడు మొదలయ్యాక రెండు నిమిషాలు బాగా ఊపండి. చలికాలం డబ్బా చల్లగా ఉంటే పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టండి. వేడి నీళ్లు, పొయ్యి వద్దు. 50 డిగ్రీలు దాటితే డబ్బా పేలే ప్రమాదం ఉంది, అందుకే మే నెలలో కారు డిక్కీలో కూడా వదలకండి. మొదటి పిచికారీ పాత కాగితం మీద కొట్టి, చుక్కలు లేకుండా సమంగా వస్తోందో లేదో చూసుకోండి.

దూరం 25 నుంచి 30 సెంటీమీటర్లు. ఒక జానెడు మీద ఇంకో నాలుగు వేళ్లు అనుకోండి. ప్రింట్ బయట, అట్ట మీద నొక్కడం మొదలుపెట్టి, ప్రింట్ దాటేదాకా ఆగకుండా పోయి, అవతల అట్ట మీద వేలు తీయాలి. ప్రింట్ మీద నొక్కడం, ఆపడం ఉండకూడదు, నొక్కిన చోటే చుక్క పడుతుంది. ఏ4 వెడల్పుని సుమారు ఒక సెకనులో దాటండి. మణికట్టు తిప్పితే మధ్యలో దగ్గర, చివర్లలో దూరం అయిపోతుంది. అందుకని మొత్తం చెయ్యి, భుజం నుంచి జరగాలి. ఒక్కో వరస ముందు వరస మీద మూడోవంతు కప్పుతూ పై నుంచి కిందికి రండి.

మొదటి కోటు పడ్డాక ప్రింట్ దాదాపు ఏమీ మారనట్టే ఉంటుంది. ఇక్కడే చెయ్యి ఊరుకోదు, ఇంకొంచెం కొడదామనిపిస్తుంది. డబ్బా కింద పెట్టి టీ తాగి రండి. పది పదిహేను నిమిషాల తర్వాత అట్టని పక్కకి తిప్పి, మొదటి వరసలకి అడ్డంగా రెండో కోటు. మళ్లీ పదిహేను నిమిషాలు, మళ్లీ తిప్పి మూడో కోటు. సాధారణంగా మూడు చాలు, కాటన్ బరైటాకి నాలుగు. ఒక్కో కోటు తర్వాత ట్యూబ్‌లైట్ వాలు పరీక్ష చేయండి. ఆకాశానికీ గోడకీ మెరుపు కలిసిపోయిన క్షణం ఆపేయండి, డబ్బాలో ఎంత మిగిలినా సరే.

అయిపోయాక డబ్బాని తలకిందులు చేసి, ఉత్త గ్యాస్ వచ్చేదాకా రెండు సెకన్లు నొక్కండి. నాజిల్ శుభ్రమవుతుంది. ఈ పని మర్చిపోతే వచ్చే నెల అదే డబ్బా చుక్కలు కక్కుతుంది, మీరు కంపెనీని తిట్టుకుంటారు.

ప్రింట్‌ని అట్టతో సహా పడుకోబెట్టి, నాలుగు వైపులా ఎత్తు దిమ్మెలు పెట్టి, పైన ఇంకో అట్ట కప్పండి. గాలి ఆడాలి, దుమ్ము పడకూడదు. గంటలో చేతికి అంటదు, కానీ ఒకదాని మీద ఒకటి పేర్చడానికి కనీసం ఒక పూర్తి రోజు ఆగాలి.

చెడితే

తెల్లటి మసక వస్తే కంగారు పడకండి. పూర్తిగా ఆరనిచ్చి, పొడి వాతావరణం ఉన్న రోజు అదే స్ప్రేతో ఒక్క పలచటి కోటు వేయండి. కొత్త సాల్వెంట్ పాత పొరని కాస్త కరిగించి, లోపల చిక్కుకున్న తేమని వదిలేస్తుంది. తేలికపాటి మసకైతే చాలాసార్లు మాయమవుతుంది. నా జులై ప్రింట్ డిసెంబర్‌లో ఇలాగే బాగుపడింది, పూర్తిగా కాదు గానీ గోడకి పెట్టుకునేంత.

నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా వచ్చిందంటే దగ్గర నుంచి మందంగా కొట్టారన్నమాట. దానికి మందు లేదు. ఇసుకలా గరుకుగా ఉంటే దూరం ఎక్కువైంది లేదా ఎండ ఎక్కువైంది, చల్లటి పూట కొంచెం దగ్గర నుంచి మరో కోటు వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. పొరలో దుమ్ము చిక్కితే తడిగా ఉన్నప్పుడు గోటితో తీయబోకండి, మచ్చ పదింతలవుతుంది. ఆరాక నల్లటి భాగంలో ఉంటే ఎవరికీ కనబడదు, తెల్లటి భాగంలో ఉంటే మళ్లీ ప్రింట్ వేసుకోవడమే. వార్నిష్ ఆరాక చెంబు రంగు జీర ఇంకా మిగిలి ఉంటే కోటింగ్‌ది కాదు తప్పు, ప్రింట్‌లో ఇంక్ మోతాదు ఎక్కువై ఉండొచ్చు. ప్రింటర్ సెట్టింగ్‌లో సరైన కాగితం రకం ఎంచుకున్నారో చూడండి.

బ్రష్, మైనం, లామినేషన్

నీళ్లతో పలచన చేసే అక్రిలిక్ వార్నిష్‌ని ఫోమ్ రోలర్‌తో వేసే పద్ధతి కాన్వాస్ ప్రింట్లకి బాగుంటుంది. కాగితానికి నేను సిఫారసు చేయను. తడికి కాగితం అలలు తేలుతుంది. తప్పదనుకుంటే ముందు ప్రింట్‌ని గట్టి బోర్డుకి పూర్తిగా అతికించి, పిగ్మెంట్ ఇంక్ అని ఇయర్‌బడ్ పరీక్షలో తేలాకే వేయండి. వార్నిష్‌ని ఊపితే బుడగలొస్తాయి, మెల్లగా కలపండి. పలచన చేయడానికి కుళాయి నీళ్లు, బోరు నీళ్లు వద్దు, బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి.

కాటన్ మ్యాట్ ప్రింట్ ఉన్నవారికి నా ఓటు మైనానికే. బ్రిటిష్ మ్యూజియంలో 1950ల్లో తయారుచేసిన రినైసాన్స్ వాక్స్ అనే మైక్రోక్రిస్టలైన్ మైనం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మ్యాట్ మీద పిగ్మెంట్ గీతలకు తట్టుకోదు కాబట్టి ముందు రెండు పలచటి కోట్ల రక్షణ స్ప్రే వేసి, ఒక రోజు ఆరనివ్వండి. తర్వాత కందిగింజంత మైనం మెత్తటి నూలు గుడ్డకి రాసి, చిన్న చిన్న వలయాలుగా పట్టించండి. పది నిమిషాల తర్వాత వేరే పొడి గుడ్డతో తేలికగా రుద్దండి. వచ్చేది గ్లాసీ కాదు, గుడ్డుపెంకు మీద ఉండేలాంటి నెమ్మది నిగారింపు. నీడలు కాస్త లోతుగా కనిపిస్తాయి. పాత సమాధుల ఫొటోలు, రాతి కట్టడాలు, ముసలి ముఖాలు దీనికి బ్రహ్మాండంగా నప్పుతాయి.

కలర్ ల్యాబ్‌లో చేసే కోల్డ్ లామినేషన్ చవక, త్వరగా అయిపోతుంది. పెళ్లి ఆల్బమ్‌కి సరే. అంటించిన ప్లాస్టిక్ మళ్లీ రాదు, కొన్నేళ్లకి అంచులు లేస్తాయి. నెగటివ్ పోయినా ప్రింట్ ఉండాలనుకునే ఫొటోకి నేనైతే వేయించను.

ఫ్రేమ్ దగ్గర జాగ్రత్త

కోటింగ్ వేసిన ప్రింట్ అద్దాన్ని తాకకూడదు. వేడికి, వర్షాకాలపు తేమకి మెత్తబడిన పొర అద్దానికి అతుక్కుంటే రెండింటినీ విడదీయలేరు. ఫ్రేమ్ కట్టేవారికి, అద్దానికీ ప్రింట్‌కీ మధ్య మౌంట్ బోర్డు తప్పనిసరిగా వేయమని చెప్పండి. "అవసరం లేదు సార్, టైట్‌గా కూర్చుంటది" అంటారు. వినకండి. కనీసం రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. కోటింగ్ అయ్యాక వారం ఆగి ఫ్రేమ్‌కి ఇస్తే, మిగిలిన ఆవిరి అద్దం లోపలివైపు మసకగా పేరుకోదు.

ప్రింట్ వెనక పెన్సిల్‌తో కాగితం పేరు, ఇంక్, ఏ స్ప్రే ఎన్ని కోట్లు, ఆ రోజు తేమ ఎంత, తేదీ రాసి పెట్టండి. గడియారం ఫొటో వెనక నా రాత ఇలా ఉంది: మూడు కోట్లు, తేమ 48, మూడో దాన్లో కుడివైపు కింద ఒక వెంట్రుక.